మెట్లు ఆగిపోయిన చోటు

కోవిల్‌పట్టిలో ఎక్కిన టౌను బస్సు ఎట్టయాపురం దారి పట్టి, ఊరు దాటిన రెండో మలుపు తిరిగిందంటే ఎడమచేతి వైపు కొండ కనపడాలి. నిజానికి అదంత పెద్ద కొండేం కాదు. చుట్టూ నల్లరేగడి చేలు చాప పరిచినట్టు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి, వాటి మధ్య అదొక్కటే లేచి నిలబడి చూసేవాళ్ళకు పెద్దదిగా అనిపించేది. వాసుకి కిటికీ పక్కన కూర్చుని, ఒడిలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు పట్టుకుని, ఆ మలుపు కోసమే చూస్తోంది. మలుపు వచ్చింది. పోయింది. కొండ కనపడలేదు.

"అమ్మా, ఇంకా ఎంత దూరం?" అంది పక్కనున్న కూతురు శాంతిప్రియ.

"ఇదో, వచ్చేసినాము. మొక్కజొన్న ఎత్తుగా ఎదిగుండాది, అడ్డమొస్తాది," అంది వాసుకి. అలా చెప్పింది గానీ మళ్ళీ కిటికీలోంచి వెనక్కి తొంగి చూసింది. మొక్కజొన్న ఎంత ఎదిగితే మాత్రం కొండను దాస్తుందా?

ఆమెది విరుదునగర్‌లో పప్పుల మండీ నడిపే ఇల్లు. మెట్టినిల్లు కలిగినది, పుట్టినింటిది మెట్టసేద్యం. తండ్రి అయ్యాసామి పోయినప్పటి నుంచి ఆమె పుట్టినూరి ముఖం చూడలేదు. తమ్ముడు ప్రభాకరనే పండగకూ పబ్బానికీ విరుదునగర్ వచ్చి, అక్క చేతిలో చీర పెట్టి, కూతురి చేతిలో ఇంత మిఠాయి పెట్టి పోయేవాడు. "నువ్వేంటికక్కా ఎండలో శ్రమపడి వచ్చేది, నేనే వస్తాను గదా" అనేవాడు. ఎంత ప్రేమో అనుకునేది వాసుకి. పోయిన ఏడు శాంతిప్రియకు మెదడువాపు జ్వరం వచ్చి మదురై ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు, తల్లి నోట వచ్చిన మొదటి పేరు కొండమీది పెరుమాళ్లుదే. పిల్ల లేచి తిరిగితే పెరుమాళ్లుకు ఇష్టమైన పురట్టాసి నెల శనివారం నాడు ఇద్దరం ఉపవాసముండి, కొండెక్కి, పిండి దీపం వెలిగించి, తళిగ వేస్తామని మొక్కుకుంది.

తళిగ అంటే అరిటాకులో అన్నం రాశి పోసి పెరుమాళ్లుకు పెట్టే నైవేద్యం. ఆ బియ్యం సొంత ఇంటివి కాకూడదు. ఎంత కలిగినవాళ్ళైనా సరే, నుదుట నామం పెట్టుకుని, నాలుగిళ్ళ ముందు 'గోవిందా' అని నిలబడి అడుక్కున్న బియ్యమే అయి ఉండాలి. అందుకే ఆ పొద్దున విరుదునగర్‌లో తల్లీకూతుళ్ళు చెంబు పట్టుకుని వీధిలోకి దిగారు. భర్త బాలచందర్‌కు తల కొట్టేసినట్టయింది.

"మండీ పెట్టి ఊరికంతా పప్పులు అమ్మేవాళ్ళం. నువ్వు పోయి పక్కింట్లో పిడికెడు బియ్యం అడుక్కుంటే సూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఆయన ముందరికి పోయేటప్పుడు మనది అని ఎత్తుకుపోయేదానికి ఏముండాది మామా?" అంది వాసుకి. అది ఆమె మాట కాదు, వాళ్ళ నాయన మాట. చిన్నప్పటి నుంచి విని విని నోటికి వచ్చేసిన మాట, అలవాటుగా అనేసి చెప్పుల్లేకుండా బయలుదేరింది.

బస్సు దిగాక ఊళ్ళోకి పోలేదు. కొండెక్కి దణ్ణం పెట్టుకున్నాకే ఎవరింట్లోనైనా కాలు పెట్టడం వాళ్ళ వంశంలో పద్ధతి. చేల మధ్య బండిబాట పట్టి నడిచారు. బాట పక్కనున్న మినుము చేను మీద తెల్లటి దుమ్ము మెత్తగా పరుచుకుని ఉంది. సర్కారు తుమ్మ చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. ఎక్కడో ఇనుము ఇనుముతో రాచుకుంటున్న మోత. వాసుకి తల వంచుకుని 'గోవిందా, గోవిందా' అనుకుంటూ నడిచింది. తల ఎత్తాలంటే ఎందుకో భయమేసింది.

తుమ్మలు దాటాక మెట్లు కనపడ్డాయి. ఆమె గుండె కుదుటపడింది. అవే మెట్లు. ముత్తాతల కాలంలో రాతిలోనే తొలిచినవి, కాళ్ళ రాపిడికి నడుములు అరిగి నున్నబడినవి. మెట్ల వెనకాల కొండ కూడా ఉంది. పొట్టిగా అనిపించింది గానీ ఉంది.

"సూసినావా, ఈడనే ఉండాది," అని కూతురితో కన్నా తనతోనే ఎక్కువగా చెప్పుకుంది.

ఆ కొండ పెరుమాళ్లుది. ఊళ్ళో ఎవర్నడిగినా అదే మాట చెప్పేవాళ్ళు. పట్టా ప్రకారం చూస్తే అది అయ్యాసామి పొలంలో ఒక మూల. కానీ బతికున్నన్నాళ్ళూ 'మా కొండ' అన్న మాట ఆయన నోట రాలేదు. 'మా చేను పెరుమాళ్లు కొండకు ఆనుకుని ఉండాది' అనేవాడు, పక్క రైతు పొలం గురించి చెప్పినట్టు. ఆ కొండ మీద మేకను మేపరు, పుల్ల విరవరు. దిగేటప్పుడు చివరి మెట్టు మీద నిలబడి కాళ్ళు దులుపుకుని, కట్టుకున్న బట్ట విదిలించుకుని గానీ నేల మీద అడుగు పెట్టరు. ఆయన మట్టి ఆయన దగ్గరే ఉండాలి. పైన గుడి లేదు, గోపురం లేదు. ఆకాశం కింద ఒక గుండు రాయి, దాని మీద నామం. అంతే. ఆ రాయిని కూడా ఎవరూ చేత్తో తాకరు. పూజ చేసేవాడు దూరం నుంచే నీళ్ళు పోసి, దూరం నుంచే పూలు వేసేవాడు. చిన్నప్పుడు ఒకసారి వాసుకి వేలు చాపబోతే నాయన ఆ చేతిని గట్టిగా వెనక్కి లాగాడు. ఆయన ముఖంలో కోపం లేదు. భయం ఉంది.

శాంతిప్రియ పడుచుపిల్ల, గబగబా ముందు ఎక్కుతోంది. వాసుకి వెనక, చెంబు చంకలో పెట్టుకుని. కొండ నడుము దగ్గర మెట్లు ఒక పెద్ద బండను చుట్టుకుని మలుపు తిరుగుతాయి. పిల్ల ఆ బండ దాటి కనుమరుగైంది. మరుక్షణం, "అమ్మా!" అని కేక. అది పిలుపు కాదు.

వాసుకి ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. బండ దాటేసరికి కూతురు ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో, చేతులు రెండూ చాపి ఊగుతోంది. వాసుకి చున్నీ పట్టి లాగింది. ఇద్దరూ బండకేసి కొట్టుకుని కూలబడ్డారు. చెంబు దొర్లి, అంచు దాకా పోయి, రాతి నెర్రెలో చిక్కుకుని ఆగింది.

ఆ మెట్టు సగమే ఉంది. తక్కిన సగం లేదు. దాని పైన మెట్టు లేదు. ఆ పైన కొండ లేదు.

కింద పెద్ద గొయ్యి. తెల్లగా, నిలువుగా, జున్నుముక్క కోసినట్టు కోసిన గోడలు. అడుగున పచ్చటి నీళ్ళ మడుగు, దాని ఒడ్డున బొమ్మల్లా టిప్పర్లు, పసుపుపచ్చ జేసీబీ. అవతల క్రషర్ యంత్రం రాళ్ళు నమిలి కంకరగా ఉమ్ముతోంది. వాసుకి పైకి చూసింది. రాయి ఉండాల్సిన చోట, నామం ఉండాల్సిన చోట, ఎండ తప్ప ఏమీ లేదు. ఒక గద్ద ఆ ఖాళీలో తిరుగుతోంది. ఆమె ఏడవలేదు. నోరు తెరిచింది గానీ 'గోవిందా' అన్న మాట కూడా రాలేదు. ఎవరి పేరు పిలవాలి? ఏ వైపు తిరిగి పిలవాలి?

"ఏయ్! ఎవురది ఆడ? దిగండి! పడి సచ్చేరు, దిగండి!" అని కింద నుంచి ఒక ముసలి గొంతు.

వళ్ళియమ్మాళ్. వాసుకి చిన్నాన్న భార్య. మేకలను చేను గట్టు మీద వదిలేసి, చేతికర్ర ఆడిస్తూ వచ్చింది. చెంబు అందుకుని దిగివచ్చిన మనిషిని కళ్ళు చికిలించి చూసి, కర్ర కింద పడేసింది.

"వాసుకీ! ఓ తల్లీ, నువ్వా?"

"సిన్నమ్మా... కొండ..."

"ఇంగేమి సెప్పేది. కండ్లతో సూసినావు గదా."

"ఎవురు సిన్నమ్మా? ఎవురు సేసినారు ఈ పని?"

వళ్ళియమ్మాళ్ ఆమె ముఖంలోకి వింతగా చూసింది. "ఎవురని నన్ను అడుగుతావా? మీ తమ్ముడు గుత్తకిచ్చినాడు. ఊరంతా పోయి అడ్డం నిలబడినాము. తాలూకా ఆపీసుకు పోయినాము. పట్టా బూమి, వాళ్ళ ఇష్టం అనేసినారు. నేను మీ తమ్ముణ్ణి సొక్కా పట్టుకుని అడిగినాను, అయ్యాసామికి ఇంకో బిడ్డ ఉండాదే, దాన్ని అడిగినావారా అని. అడిగినాను, అక్క సరి అన్నాది అన్నాడు. నువ్వు సరి అన్నాక ఇంగ మాకేమి మాట్లాడేదానికుండాది?"

"నేనా?" అంది వాసుకి.

అని, అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే గుర్తొచ్చింది. కొత్త ఇంటికి ఇంకా పునాది తీయని రోజులు. మేస్త్రీతో వంటిల్లు ఏ మూలన రావాలో వాదిస్తుంటే ఫోన్ మోగింది. 'అక్కా, ఆ రాళ్ళ మూల ఉండాది గదా, ఏమీ పండదు, దాన్నొకరు అడుగుతా ఉండారు, ఇచ్చేదా?' అన్నాడు తమ్ముడు. 'నాకేంటికిరా ఆ రాళ్ళు, నీ ఇష్టమొచ్చినట్టు సేసుకో' అని పెట్టేసింది. ఏ రాళ్ళు అని అడగలేదు. తన వంతు తమ్ముడికి వదిలేశానని, తనది ఎంత పెద్ద మనసో అని ఆ రోజు భర్తతో గొప్పగా చెప్పుకుంది కూడా. తనది కానిదాన్ని దానం చేసేసింది. ఆమె మొదటి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"సామి ఏడ సిన్నమ్మా?" అని అడిగింది.

"పో. పోయి సూడు. మీ తమ్ముడింట్లో ఉండాడు."

ప్రభాకరన్ ఇంటి ముందు, పాత గడ్డివాము ఉండే జాగాలో, కొత్త గుడి లేచింది. గ్రానైటు నేల, గోడలకు నిలువెత్తు టైల్సు, మెరిసే స్టీలు గ్రిల్లు, దానికి తాళం. లోపల ఫ్యాను కింద, రంగుబల్బుల మధ్య, గుండు రాయి. దానికి పట్టుబట్ట చుట్టారు. ప్రభాకరన్ కొత్త పంచె కట్టుకుని, నామం దిద్దుకుని, ఒక్కడే పూజకు సామాన్లు సర్దుతున్నాడు. ఊళ్ళో మనిషి ఒక్కడూ అక్కడ లేడు. అక్కను చూసి అతని ముఖం ఒక్క క్షణం పాలిపోయి, మళ్ళీ విచ్చుకుంది.

"రా అక్కా, రా. శాంతీ, బాగుండావామ్మా? ఫోను సేసి ఉంటే బస్సు కాడికి వచ్చుంటాను గదా."

"దీన్ని ఎట్ల దించినావు?" అంది వాసుకి, రాయి వైపు చూస్తూ.

"తప్పు సెయ్యలేదక్కా. మనుషులు తాకకూడదు గదా. జేసీబీ తొట్టిలో ఎత్తించి, మెత్తగా పరుపు ఏసి తెచ్చినాను. ఒక్క చెయ్యి పడనియ్యలేదు," అన్నాడు. అతను నిజంగానే ఆ మాట భక్తిగా అన్నాడు. అదే వాసుకిని మరీ భయపెట్టింది. వీడికి తెలియడం లేదు. తను చేసిందేమిటో వీడికి నిజంగా తెలియడం లేదు.

"కొండ ఆయనది గదరా."

"ఆయనదే. నేను కాదన్నానా? ఆడ ఎండకు ఎండి, వానకు తడిసి పడుండినాడు. ఈడ సూడు, ఎట్ల పెట్టినానో. బోరు ఎండిపోయి, మొక్కజొన్న పురుగు తినేసి, నేను ఎట్ల బతికేదక్కా? కొండ మన బూమిలో ఉండాది. మనదాంట్లో మనం రాయి తీసుకుంటే తప్పేమి?" అన్నాడు. ఆపైన అక్కను సంతోషపెట్టే మాట వెతుక్కుని, నవ్వుతూ అందించాడు. "నీ ఇంటి పునాదికి గూడా ఆ రాయే గదక్కా. బావ సెప్పలేదా? మంచి గట్టి రాయి కావాలని అడిగితే నేనే లారీలు పంపినాను. నీ పూజగది కింద ఉండేది పెరుమాళ్లు కొండే. ఎవురికి దొరుకుతాది ఆ బాగ్యం?"

 కొండ దిగేటప్పుడు అరికాలి దుమ్ము కూడా దులుపుకుని వచ్చిన వంశం. ఆ వంశంలో పుట్టిన వాసుకి రెండేళ్ళుగా ఆ కొండను తొక్కుకుంటూ తిరుగుతోంది. దాని మీద వండింది, తిన్నది, చీపురుతో ఊడ్చింది. దాని మీద కట్టిన పూజగదిలోనే బిడ్డ కోసం దీపం పెట్టింది. శాంతిప్రియ తండ్రికి ఫోన్ కలిపి తల్లి చెవి దగ్గర పెట్టింది.

"అవును, ఆడి నుంచే వచ్చినాది," అన్నాడు బాలచందర్. "పుట్టింటి రాయే గదా. నీకు సెప్పేదానికి ఏముండాదని సెప్పలేదు. ఏమి, ఏమైనాది?"

ఆమె ఫోన్ కూతురికి ఇచ్చేసింది.

ప్రభాకరన్ తాళం తీసి గ్రిల్లు తెరిచాడు. "రాక్కా. దీపం నీ చేత్తోనే వెలిగించు. నీ మొక్కు గదా."

శాంతిప్రియ భుజాన ఉన్న సంచిలోంచి పిండి దీపం తీసి తట్టలో పెట్టింది. వాసుకి గడప దగ్గరికి వెళ్ళింది. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ అడుగు పడలేదు. ఎదురుగా రాయి, పట్టుబట్టలో, ఫ్యాను గాలిలో, మూగగా. దొంగిలించినవాడు ఇంట్లో పెట్టుకున్న సొత్తులా ఉంది. కాదు, దొంగల ఇంటికి వచ్చి, ఏమీ అనకుండా కూర్చున్న యజమానిలా ఉంది.  తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"ఏ చేత్తో వెలిగించేదిరా?" అంది. "ఏ చేత్తో?"

అప్పుడే క్వారీ వైపు నుంచి సైరన్ మోగింది. పొడుగ్గా, ఆగి ఆగి. "వెడి పెడతారు, రాయి పేల్చే మందు, అంతే," అన్నాడు ప్రభాకరన్ తేలిగ్గా. "మిగిలిన సగం."

వాసుకి తిరిగి పరిగెత్తింది. చెప్పుల్లేని కాళ్ళతో, బాట మీద కంకర గుచ్చుకుంటున్నా, నలభై దాటిన మనిషి, ఉపవాసంతో ఉన్న మనిషి, మెట్లెక్కి ఆ బండకు వీపు ఆనించి కూర్చుంది. వెనకే శాంతిప్రియ. కింది నుంచి ఎర్రజెండా పట్టుకున్నవాడు అరిచాడు. ఆమె కదలలేదు. క్వారీ మేనేజరు రొప్పుకుంటూ వచ్చి తమిళంలో కసిరాడు. ఎవరమ్మా నువ్వు, దిగు, మందు కూరి ఉంది, గుత్త కాగితాలున్నాయి మా దగ్గర అన్నాడు.

ఇంట్లో మాట్లాడే తెలుగు వదిలి ఆమె కూడా తమిళంలోనే చెప్పింది. "అయ్యాసామి కూతుర్ని. ఈ పట్టాలో సగం నాది. నేను సంతకం పెట్టలేదు. నోటిమాటగా సరే అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కావాలంటే కోర్టుకు పో. ఈ రోజు మాత్రం ఇక్కడ వెడి పేలదు."

'సగం నాది' అన్న మాట నోట్లోంచి రాగానే ఆమె ఒళ్ళు జలదరించింది. నాయన జీవితమంతా అనని మాట. దాన్ని ఆపాలంటే కూడా అదే మాట అనాల్సి వచ్చింది. మేనేజరు ప్రభాకరన్‌కు ఫోన్ చేసి, అక్క సంతకం లేదని తెలుసుకుని తిట్టాడు. ఆడమనిషి కూర్చున్న చోట మందు పేల్చే ధైర్యం అతనికీ లేదు. తిట్టుకుంటూ మనుషుల్ని వెనక్కి పిలిచాడు. క్రషర్ ఆగింది. ఆ మోత ఆగాకే అంతసేపూ అది ఎంత గట్టిగా ఉందో తెలిసింది.

ఈలోగా వళ్ళియమ్మాళ్ ఊళ్ళో కేకేసినట్టుంది, జనం వచ్చారు. చాలామంది వాసుకి దిగివస్తుంటే ముఖం తిప్పుకున్నారు. ముందు నిలబడిన పెద్దాయన తిరుపతిసామి, ఊరి తరఫున తాలూకా ఆఫీసు మెట్లెక్కినవాడు, "ఇప్పుడు తెలిసినాదా?" అని ఒక్క మాటే అడిగాడు.

"తెలిసినాది పెదనాయనా. సామిని ఆ తాళం లోపల నుంచి తెద్దాము. పైన జాగా లేదు. ఈ మెట్ల మొదట్లోనే, ఆకాశం కింద పెడదాము."

"సరి," అన్నారు అందరూ.

గుంపంతా ప్రభాకరన్ ఇంటి ముందుకు వెళ్ళింది. గ్రిల్లు తెరిచే ఉంది. ప్రభాకరన్ అరుగు మీద కూర్చునే ఉన్నాడు. అడ్డం రాలేదు. "ఎత్తండి," అంది వాసుకి.

ఎవరూ ఎత్తలేదు.

తిరుపతిసామి గడప దాకా వెళ్ళి ఆగాడు. చేతులు చాపాడు. తాకకముందే దించేశాడు. ఆయన వెనక్కి తిరిగి, జనం వైపు చూడకుండా అన్నాడు. "నా అరుగుకు ఏసిన రాళ్ళు... అవి గూడా ఆ కొండవే. అందరూ తోలుకుంటా ఉంటే నేనూ ఒక బండి తోలుకున్నాను. అర్జీ పెట్టిన వారమే."

 గుంపులో ఎవరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎవరి గొడ్లచావిడి నేల, ఎవరి పెరటి గోడ, ఎవరి నూతి గట్టు. అందరికీ అందరి ఇళ్ళూ తెలుసు. టిప్పర్ తోలే మూక్కన్ వెనక నిలబడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చివరికి వళ్ళియమ్మాళ్ కూడా, "నా మేకల దొడ్డికి..." అని ఆగిపోయింది.

 తప్పు చేసింది తమ్ముడొక్కడే అనుకుంది వాసుకి. తర్వాత తనూ తమ్ముడూ అనుకుంది. ఇప్పుడు చూస్తే ఆ రాయిని తాకే చెయ్యి ఊళ్ళో ఒక్కటి లేదు.

"అట్లయితే మళ్ళా జేసీబీనే పిలిచేదా?" అన్నాడు ఎవరో, నిజంగా తోచక.

"వద్దు," అంది వాసుకి. "సుబ్రమైన చెయ్యి లేదని ఇనుముకు అప్పజెప్పేదానికి లేదు. పోయినసారి అట్లనే గదా సేసినాము. మన చేతులతోనే. ఇవి దొంగ చేతులని ఆయనకు సెప్పి ఎత్తుదాము."

ఆమె శాంతిప్రియ చున్నీ తీసుకుని నేల మీద పరిచింది. తిరుపతిసామి తువ్వాలు వేశాడు. మూక్కన్ వేశాడు. పాత చీరలు, పంచెలు, పిల్లల దుప్పట్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఎవరో 'తప్పు మాది గోవిందా' అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. కేక కాదది, గొణుగుడు. రాయికి చుట్టిన పట్టుబట్ట తీసేసి, మొట్టమొదటిసారి మనుషుల చేతులు దాన్ని తాకాయి. వాసుకి చేతులు కూడా. రాయి చల్లగా ఉంది. ఏమీ జరగలేదు. పిడుగు పడలేదు, ఎవరూ కూలిపోలేదు. ఏమీ జరగకపోవడమే ఆమెకు భరించలేనిదిగా తోచింది. ఇన్నేళ్ళూ నాయన భయపడింది శిక్షకని అనుకుంది. కాదు. ఇంత ఓర్చుకునేవాడికి భయపడ్డాడు.

గుడ్డల మీదికి దొర్లించి, అంచులు అందరూ పట్టుకుని, ఆగి ఆగి మోసుకెళ్ళారు. మెట్ల మొదట్లో దించారు. విరుదునగర్ బియ్యంతో, ఊళ్ళోవాళ్ళు పిడికెడు పిడికెడు తెచ్చి కలిపిన బియ్యంతో అక్కడే వండి తళిగ వేశారు. దీపం వెలిగించేటప్పుడు వాసుకి ఏమీ కోరుకోలేదు.  దూరంగా చేను గట్టు మీద ప్రభాకరన్ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి రమ్మని అతన్ని ఎవరూ పిలవలేదు. పొమ్మనీ అనలేదు.

ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున విరుదునగర్ చేరింది వాసుకి. తన ఇంటి ముందు వచ్చి గేటు దగ్గరే నిలబడిపోయింది. పాలరంగు గోడలు, ముగ్గు వేసిన వాకిలి. బాలచందర్ బయటికి వచ్చాడు. రాత్రే కూతురు ఫోన్‌లో అంతా చెప్పింది. అతని కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

"నాకు తెలీలేదే," అన్నాడు. "రాయి రాయే గదా అనుకున్నాను." గొంతు తగ్గించి, "ఏమి సేద్దాము? పగలగొట్టేద్దామా?" అన్నాడు. మాటవరసకు అనలేదు. భార్య ఊఁ అంటే ఆ పూటే మేస్త్రీని పిలిచేలా ఉన్నాడు.

వాసుకి ఇంటి వైపు చూసింది. "ఎవురి ఇల్లని పగలగొట్టేది మామా?" అంది.

అతను ఇంటి పునాది వైపు చూశాడు. అర్థమయ్యాక గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి ఇద్దరూ, మొదటిసారి వేరొకరి ఇంట్లోకి వచ్చినవాళ్ళలా, మెల్లగా లోపలికి వెళ్ళారు.

గుత్త మీద కోవిల్‌పట్టి కోర్టులో కేసు వేశారు, భార్యాభర్తలిద్దరూ కలిసే. పని ఆగింది గానీ తీర్పు రాలేదు. ఐప్పసి నెల వానలకు గొయ్యి నిండింది. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. కార్తీకంలో ఒక సాయంత్రం అతని నుంచి ఫోన్ వచ్చింది.  వెనకాల మేకల అరుపులు, గాలి చప్పుడు. అతను కొండ దగ్గరే నిలబడి ఉన్నాడని ఆమెకు అర్థమైంది.

"అక్కా," అన్నాడు. "దగ్గరికి పోవాలంటే నాకు బయంగా ఉండాది."

"నాకు గూడా అట్లనే ఉండాది," అంది వాసుకి. "బయంతోనే పోరా."